ఒక్క రాత్రి ఉంచమన్నాను

స్ప్రూస్ గ్యాప్, బక్‌హార్న్ కౌంటీ
జనవరి 30

షెరీఫ్ వెండెల్ డెలింగర్ గారికి, మా కొంపాద్రేకి,

నా పేరు తెయోఫిలా యేస్కాస్. వయసు డెబ్బై నాలుగు. పుట్టింది మెక్సికోలో, వహాకా కొండల్లోని శాన్ లూకాస్. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నది మీ కౌంటీలో, పాత రంపపు మిల్లు వెనక మూడో ట్రైలర్ ఇంట్లో. ఇంట్లో ఎంతమందిమో చెప్పను. మా బల్ల దగ్గర కూర్చుని తిన్నవారు మీరు, ఎన్ని కంచాలు పెడతామో మీకు తెలుసు. కాగితం మీదికి మాత్రం ఎక్కించను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కొట్టు నడిపే ఓర్తెన్సియా మీ భాషలో రాస్తోంది. "మెల్లగా చెప్పు తెయో, నేను మిషన్ను కాదు" అంటోంది. ఆ మాట కూడా రాయమన్నాను.

నా ఫిర్యాదు ఇది. ఈ నెల పద్దెనిమిదో తేదీ, శనివారం సాయంత్రం, మీ మనుషులు నా మనవడు నోయెని మిల్లు రోడ్డు మీద ట్రక్కులోంచి దించి జైల్లో పెట్టారు. మంగళవారం మధ్యాహ్నం మిగ్రా వాళ్ళు, అదే కాగితాలు లేనివాళ్ళను పట్టుకునే కేంద్రం పోలీసులు, వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయారు. ఇప్పుడు జార్జియా రాష్ట్రంలో ఒక ముళ్ళకంచె వెనక ఉన్నాడు. పన్నెండు రోజులైంది. ఏ మాట మీద పట్టుకున్నారు, ఎలా మొదలైంది అన్నది ఇక్కడ రాయించను. అది మీకు తెలుసు.

నోయె ఎవరో మీకు నేను గుర్తు చేయాలా? ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, క్రిస్మస్ చెట్లు కొట్టే కూలీల వ్యాను మంచు మీద జారి లోయలో పడింది. నా కూతురు ఇర్మా అందులోనే పోయింది. దాని ఒళ్ళో ఉన్న రెండేళ్ళ పిల్లాణ్ణి మీరు మీ కోటు లోపల పెట్టుకుని పైకి మోసుకొచ్చారు. అప్పటికి మీరు మామూలు డిప్యూటీ. అందుకే జ్ఞానస్నానానికి మిమ్మల్నే జ్ఞానపితగా నిలబడమని అడిగాను. మీది వేరే చర్చి అయినా ఫాదరు ఒప్పుకున్నారు. కొవ్వొత్తి మైనం వేళ్ళ మీద పడుతుంటే "దీన్ని ఎంతసేపు పట్టుకోవాలమ్మా?" అని అడిగారు. "చచ్చేదాకా" అన్నాను. అందరూ నవ్వారు.

మాలో ఆ కొవ్వొత్తి పట్టినవాడు ఆ క్షణం నుంచి కొంపాద్రే. రక్తం పంచుకున్నవాడికంటే ఎక్కువ. మీకంటే పాతికేళ్ళు పెద్దదాన్నైనా ఆ రోజు నుంచి మిమ్మల్ని మీరు అనే అన్నాను. కొంపాద్రే ఇంటి పిల్లవాడి మీద చెయ్యి వేయడమన్నది మా ఊళ్ళో నేను చూడలేదు, వినలేదు.

వాణ్ణి తీసుకెళ్ళింది మీ జైలు గుమ్మంలోంచి. మీరే తెచ్చివ్వండి.

తెయోఫిలా యేస్కాస్

*

షెరీఫ్ కార్యాలయం, స్ప్రూస్ గ్యాప్
ఫిబ్రవరి 11

శ్రీమతి యేస్కాస్ గారికి,

మీ ఉత్తరం అందింది. నోయె సంగతి నన్నూ బాధించింది. కానీ కొన్ని విషయాలు మీకెవరూ సరిగా చెప్పినట్టు లేదు.

జైలుకు వచ్చిన ప్రతి మనిషి చేతా పది వేళ్ళూ ఒక గాజు పలక మీద పెట్టిస్తాం. ఆ ముద్రలు ఇక్కడ ఆగవు, వాటంతట అవే కేంద్రానికి వెళ్ళిపోతాయి. ఎవరివి పంపాలో, ఎవరివి ఆపాలో ఎంచుకునే మీట నా దగ్గర లేదు. "ఇతన్ని నలభై ఎనిమిది గంటలు ఆపి ఉంచండి, వచ్చి తీసుకెళ్తాం" అని అక్కడి నుంచి కాగితం వస్తే ఆపాలి. రాష్ట్ర చట్టం అదే. దానికి తోడు మన కౌంటీ బోర్డు నిరుడు వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. నలుగురు ఔనన్నారు, ఒకరు కాదన్నారు.

ఆ సభకు మూడు వందల మంది వచ్చారు. చెట్ల తోటల యజమానులు ఇద్దరు వద్దన్నారు. చర్చి వాళ్ళు కొందరు వద్దన్నారు. తర్వాత లొరెట్టా టాలివర్ తన కూతురి ఫొటో పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయిని తాగి బండితో గుద్ది చంపినవాడు కాగితాలు లేనివాడు. అంతకు ముందు రెండుసార్లు పక్క కౌంటీ జైలుకు వచ్చి, రెండుసార్లూ బయటికి నడిచిపోయాడు. "ఆ తలుపు తీసినవాడి పేరు నాకు కావాలి" అని అడిగింది లొరెట్టా. నా జ్ఞానపుత్రుడని ఒకణ్ణి వదిలిపెట్టి రేపు ఆమెకు ఏం చెప్పమంటారు?

ఇంకొక మాట. ఎవరి మాట మీద పట్టుకున్నామో రాయించనన్నారు. అది రాయకపోతే మిగతా నిజం సగమే అవుతుంది. శనివారం సాయంత్రం ఐదున్నరకు నా సొంత ఫోనుకు మీరే చేశారు. "నోయె తాగి ట్రక్కు తీశాడు. ఒక్క రాత్రి లోపల ఉంచండి కొంపాద్రే, బుద్ధి వస్తుంది" అన్నారు. మీరు అడిగిందే చేశాను.

భవదీయుడు,
వెండెల్ డెలింగర్, షెరీఫ్

*

స్ప్రూస్ గ్యాప్
ఫిబ్రవరి 16

వెండెల్ డెలింగర్‌కి,

ఈ ఉత్తరం నుంచి నిన్ను నువ్వు అంటాను. ఎందుకో నీకే తెలియాలి.

నీ కాగితం గురువారం వచ్చింది. మంచు పడి నాకు కాళ్ళు కదలక, ఓర్తెన్సియాయే మా ఇంటికి వచ్చి చదివింది. బల్ల దగ్గర నోయె భార్య అరాసెలి ఉంది, ఒళ్ళో పసిది. ఓర్తెన్సియా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఏమైంది, చదువు."

"మిగతాది తర్వాత చదువుతాలే తెయో."

"నా ఇంట్లో నాకు చాటేమిటి? చదువు."

చదివింది.

అరాసెలి లేచింది. పసిదాన్ని ఓర్తెన్సియా చేతికిచ్చింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు అడుగంటుతుంటే దించి, మంట ఆర్పింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఫోను చేసింది నువ్వేనా అమ్మమ్మా?"

"నేనే."

"నెల రోజులు నాతో కూర్చుని ఏడ్చావు కదా. 'ఏ పాపిష్టివాడు చెప్పాడో' అన్నావు కదా. నేను నీ వీపు నిమిరాను."

పొద్దుపోకముందే పసిదాన్ని తీసుకుని వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక దాచడానికేమీ లేదు కనుక చెబుతున్నాను, రాసుకో. నవంబరు, డిసెంబరు మీ పండుగ చెట్లు కొట్టి, కట్టి, లారీలకెక్కించినన్నాళ్ళూ నోయె బాగానే ఉన్నాడు. జనవరిలో పనిలేక సీసా పట్టాడు. ఆ శనివారం పసిదాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ట్రక్కు తీయబోయాడు. పిల్లను గుంజుకున్నాను గానీ తాళాలు గుంజుకోలేకపోయాను. మంచు రోడ్డు. ఇర్మా పోయిన రోడ్డే. నేనెవరికి చేయాలి ఫోను?

శాన్ లూకాస్‌లో తాగి అల్లరి చేసినవాణ్ణి ఊరి పెద్దలు కొట్టరు, జరిమానా అడగరు. పంచాయతీ గది పక్కన తాళం వేసే చిన్న కొట్టు ఉంటుంది. అందులో ఒక్క రాత్రి ఉంచుతారు. తెల్లారగానే జ్ఞానపిత కాఫీ పట్టుకుని వస్తాడు. వాడు తాగుతున్నంతసేపూ తిడతాడు. తర్వాత చీపురిస్తాడు. ఊరి బజారంతా ఊడ్చి వాడు ఇంటికొస్తాడు. మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తరు. నా మొగుణ్ణి అలా రెండుసార్లు ఉంచారు. నేనే ఉంచమన్నాను.

ఆదివారం పొద్దున నేను చేసిన పనేమిటో తెలుసా? వాడి పాత బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టాను, ఊడ్చే పనికి కొత్తవి పాడవుతాయని. నువ్వు కాఫీ పట్టుకెళ్ళి ఉంటావనుకుంటూ కూర్చున్నాను.

ఆ టాలివరమ్మకు నేను ఎదురు మాట్లాడను. నేనూ రోడ్డు మీద కూతుర్ని పారేసుకున్నదాన్నే. ఆ వ్యాను నడిపింది మీ తోటల మేస్త్రీ, మీవాడే, నిద్రమత్తులో. వాడి జాతినంతా దేశం దాటించమని నేను ఏ మైకు దగ్గరా నిలబడలేదు. తాగినవాణ్ణి రోడ్డు మీంచి తీసెయ్యమని ఎవరైనా ఫోను చేసి ఉంటే ఆమె బిడ్డ బతికేది. నేను ఆ ఫోను చేశాను. ఆ మాట ఆమెకు చెప్పు. మా మిల్లు వెనక ఇక ఎవరూ చేయరని కూడా చెప్పు. మొన్న చివరి ట్రైలర్‌లో ఒకామెను మొగుడు పళ్ళు రాలేట్టు కొట్టాడు. అరుపులు అందరం విన్నాం. ఫోను అందరి చేతుల్లోనూ ఉంది. ఎవరూ నొక్కలేదు. నేనూ నొక్కలేదు.

ఇక ఒక్క ప్రశ్న. నోయె జార్జియా నుంచి ఫోనులో చెప్పాడు. మంగళవారం పన్నెండింటికి జైలరు వచ్చి "గడువు తీరింది, ఇంటికి పో" అని బూట్లు, బెల్టు ఇచ్చాడట. ఒక బూటు లేసు కట్టుకున్నాడట. ఇంతలో జైలరు ఫోను మాట్లాడి వచ్చి, "విప్పు" అన్నాడట. వ్యాను నాలుగింటికి వచ్చింది.

బూట్లు విప్పించింది ఎవరు?

తెయోఫిలా

*

కోల్డ్ క్రీక్ రోడ్డు, ఇంటి నుంచి
ఏప్రిల్ 6

తెయోఫిలా గారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు. ఏడు వారాలు మీ ఉత్తరాన్ని కారు సొరుగులో పెట్టుకుని తిరిగాను.

విప్పించింది నేనే.

కేంద్రం కాగితం ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు వచ్చింది. నలభై ఎనిమిది గంటలు మంగళవారం పన్నెండుకు తీరాయి. జైలరు ఫోను చేశాడు. "వ్యాను రాలేదు సార్, కుర్రాడికి బూట్లు ఇచ్చేశాను, పంపెయ్యనా?" అన్నాడు. ఎవరని అడిగాను. తెలిసే అడిగాను. "యేస్కాస్ అండీ. మీ పేరు చెబుతున్నాడు. మీరు వాడికి జ్ఞానపిత అట" అని నవ్వాడు. వెనక ఇంకెవరో కూడా నవ్వారు.

అతను నా పేరు చెప్పకుండా ఉంటే "పంపెయ్" అనేవాణ్ణి. చాలామందిని అలా పంపాను, గడువు దాటితే నాకు పట్టుకునే హక్కు లేదు. కానీ ఆ నవ్వు విన్నాక నాకు రేపటి మాటలన్నీ వినబడ్డాయి. షెరీఫు తనవాళ్ళను వదులుతాడని. వచ్చే ఏడు నా ఎన్నిక. "వ్యాను వచ్చేదాకా ఉంచు" అన్నాను. తర్వాత నాలుగు గంటలు నా గదిలో కూర్చున్నాను. అతనున్న గదికి నా గదికి మధ్య నలభై అడుగుల నడవా. కాఫీ నా బల్ల మీదే ఉంది.

మీ ఊరి ఆచారం నాకు తెలియదు. మీరు ఒక్క రాత్రి అన్నప్పుడు నిజంగా ఒక్క రాత్రే అనుకుంటున్నారని కూడా నాకు తట్టలేదు. కానీ అది ఒక్క రాత్రి కాదని నాకు తెలుసు. ఫోనులోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

దయచేసి ఇది చదివించుకున్నాక కాల్చేయండి.

వెండెల్

*

స్ప్రూస్ గ్యాప్
ఏప్రిల్ 10

వెండెల్,

కాల్చలేదు.

నాకు చదువు రాదు. నాకొచ్చిన ఉత్తరం ఏదీ నా ఒక్కదానికే రాదు. నీ కాగితం ఓర్తెన్సియా నోట్లోంచి వచ్చి నా చెవిలో పడింది. ఇప్పుడది ఇద్దరి దగ్గర ఉంది. నువ్వు కాల్చమనాల్సింది ఎవరిని?

నిన్న చర్చి వాళ్ళు మాట్లాడిపెట్టిన లాయరమ్మకు వినిపించాం. ఆవిడ కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుంది. గడువు దాటాక పట్టి ఉంచడం చట్టానికి విరుద్ధమట. ఆ మాట షెరీఫే జడ్జి ముందు ప్రమాణం చేసి చెబితే నోయె కేసు కొట్టేయమని అడగొచ్చట. ఖాయమని కాదు, అడగొచ్చు. వాడి వాయిదా మే ఒకటి. ఉత్తరం ఒక్కటే చాలదట. మనిషి సంతకం చేయాలి, సాక్షుల ముందు.

ఓర్తెన్సియా దీన్ని రేపే బోర్డు సభలో చదివేస్తానంటోంది. "వాడి ముఖం ఎర్రబడితే చూడాలి" అంటోంది. నేను ఆగమన్నాను. నీ ముఖం నాకక్కర్లేదు. నాకు పిల్లాడు కావాలి.

సోమవారం దాకా చూస్తాను. మా ఇంటికి రా. వచ్చేటప్పుడు కాఫీ తీసుకురా. మూడు నెలలు ఆలస్యమైనా జ్ఞానపిత కాఫీతోనే రావాలి.

తెయోఫిలా

*

కోల్డ్ క్రీక్ రోడ్డు
ఏప్రిల్ 21

తెయోఫిలా గారికి,

మీరన్న సోమవారం బయల్దేరాను. మిల్లు దగ్గర కారు ఆపి అరగంట కూర్చున్నాను. మీ గుమ్మంలో ఒక జత పాత బూట్లు కనిపించాయి. వెనక్కి తిరిగాను.

తర్వాత రోజు వద్దామనుకున్నాను. ఆ వారమంతా అలాగే గడిచింది. ఈరోజు జార్జియాకు ఫోను చేసి వాయిదా సంగతి అడిగాను. వాయిదా లేదన్నారు. నోయె గురువారం నాడు తనంతట తానే దేశం వదిలిపోతానని సంతకం చేశాడట. శనివారం సరిహద్దు వంతెన దాటించారట. కారణం రాసే చోట ఏమీ రాయలేదట.

నేను ఆ సోమవారం వచ్చి ఉంటే ఆగేవాడేమో. నాకు తెలియదు. నా సంతకం ఇప్పుడు దేనికి పనికొస్తుందో కూడా తెలియదు. పనికొస్తే చెప్పండి.

వెండెల్

*

స్ప్రూస్ గ్యాప్
మే 3, శనివారం

బక్‌హార్న్ కౌంటీ బోర్డు సభ్యులు ఐదుగురికి,

నా పేరు తెయోఫిలా యేస్కాస్. డెబ్బై నాలుగేళ్ళు. పాత మిల్లు వెనక మూడో ట్రైలర్. కాగితాలు లేవు. ఇంట్లో ఎంతమందిమో మునుపు చెప్పనన్నాను. ఇప్పుడు చెబుతాను. ఒక కంచం. నాది. మిగతావాటిని కడిగి బోర్లించాను. ఇక మీరు వ్యాను పంపితే ఎక్కేది నేనొక్కదాన్నే. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యందించాలి, మోకాళ్ళు వంగవు.

సోమవారం మీరు కేంద్రంతో ఒప్పందాన్ని ఇంకో రెండేళ్ళు పొడిగించాలా వద్దా అని ఓటు వేస్తారట. అందుకు నా వాంగ్మూలం ఇది.

నా మనవణ్ణి జైల్లో పెట్టించింది నేను. మొదటి తప్పు నాది. ఒక్క రాత్రి ఉంచమన్నాను. ఈ దేశంలో జైలు కొట్టుకు రెండో తలుపు ఉంటుందని, అది వ్యానులోకి తెరుచుకుంటుందని నాకు తెలియదు. ఆ తప్పును నెల రోజులు దాచడం రెండోది. అరాసెలి నా దగ్గర ఉండలేక వెళ్ళిపోయింది. రెండు నెలలు తనలోనే ఉంచుకుని, చివరికి ఉన్నది ఉన్నట్టు నోయెకు ఫోనులో చెప్పింది. ఆమెను నేనేమీ అనను. అది విన్న రోజే వాడు సంతకం పెట్టాడు. శాన్ లూకాస్ నుంచి ఒక్కసారి నాతో మాట్లాడాడు. వాడికి మా ఊరి భాష రాదు, అక్కడ పలకరిస్తే తల ఊపుతున్నాడట.

"వాయిదా దాకా ఎందుకు ఆగలేదురా?" అని అడిగాను.

"బయట నాకోసం కొట్లాడుతోంది నువ్వే అనుకున్నానమ్మమ్మా. లోపల పెట్టించిందీ నువ్వేనంటే, ఇంక ఎవరి దగ్గరికి రావాలి?" అన్నాడు.

మళ్ళీ ఫోను చేయలేదు. పదేళ్ళదాకా తిరిగి రానిమ్మని అడగడానికి కూడా లేదని లాయరమ్మ చెప్పింది. పదేళ్ళు నేను ఉండను.

మూడో తప్పు నాది కాదు. అది చేసినవాడు ఈ పొద్దున వచ్చాడు. యూనిఫారం లేదు, టోపీ చేతిలో ఉంది. గుమ్మంలో బూట్లు దాటడానికి పెద్ద అంగ వేశాడు.

"లోపలికి రావచ్చా కొమాద్రే?" అన్నాడు. కొంపాద్రే అయినవాడు నాలాంటిదాన్ని పిలవాల్సిన పిలుపే అది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ అనలేదు.

"ఆ పిలుపు వద్దు. కూర్చో."

"కాఫీ తెచ్చాను."

"అది నాకు కాదు. తాగాల్సినవాడు వంతెన అవతల ఉన్నాడు."

అయినా ఫ్లాస్కులోంచి ఒక కప్పులో పోసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ తాగలేదు. నేను ఈ వాంగ్మూలమంతా చెబుతుంటే విన్నాడు. బూట్ల దగ్గరికి వచ్చాక, ఒక లేసు కట్టుకున్నాక విప్పించారని రాస్తుంటే, ఓర్తెన్సియా చేతిని ఆపాడు.

"ఒకటి కాదు. రెండూ కట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు కూడా. కెమెరాలో చూశాను."

"ఎన్నిసార్లు చూశావు?" అంది ఓర్తెన్సియా. "మనిషివే అయితే రమ్మన్న ఆ సోమవారమే రావాల్సింది" అంది.

అందుకని ఇలా రాయించాను. జనవరి ఇరవై ఒకటి, మంగళవారం పన్నెండు గంటలకు నా మనవడు నోయె రెండు బూట్లూ కట్టుకుని, ఇంటికి రావడానికి లేచి నిలబడ్డాడు. అప్పుడు షెరీఫ్ వెండెల్ డెలింగర్, పట్టుకునే హక్కు లేదని తెలిసి, వాటిని విప్పించాడు.

మీరు ఓటు వేసేముందు ఇది పెద్దగా చదివించండి. టాలివరమ్మ వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆమె వినాలి. తలుపు తీసినవాడి పేరు ఆమె అడిగింది. మూసినవాడి పేరు కూడా ఆమెకు తెలియాలి. మిల్లు వెనక చివరి ట్రైలర్‌లో ఆ మొగుడు ఇంకా ఉన్నాడు. ఆ ఆడమనిషి ఇప్పుడు మెత్తటి అన్నమే తింటోంది. ఫోను ఇప్పటికీ ఎవరూ చేయలేదు.

ఇంతకు మించి నాకు కావలసినదేమీ మీ దగ్గర లేదు.

వేలిముద్ర వేయమంటే వేశాను. ఉత్త నల్లమచ్చ పడింది. మీ పండుగ చెట్ల జిగురు, వాటి కొమ్మలతో గుండ్రటి దండలు కట్టే తీగ కలిసి ఇరవై ఏళ్ళలో నా వేలి గీతలు తినేశాయి. నోయెవి ఇంకా అరగలేదు, అందుకే మీ గాజు పలక వాడిని చదవగలిగింది. మచ్చ పక్కన ఒక శిలువ గీశాను. అది నేనే.

సాక్షి పేరు దగ్గర అతను షెరీఫ్ అని రాయబోయి ఆగాడు. "ఏమని రాయాలి?" అని నన్నడిగాడు. "నువ్వెవరో నీకే తెలియాలి" అన్నాను. తర్వాత రాశాడు. ఏం రాశాడో ఓర్తెన్సియా చదివి వినిపించింది. ఉండనివ్వమన్నాను.

తెయోఫిలా యేస్కాస్ నిశాని: ✝

సాక్షులు:
ఓర్తెన్సియా బార్రగాన్, కొట్టు యజమానురాలు. చెప్పినది చెప్పినట్టు రాశాను.
వెండెల్ డెలింగర్, నోయెకు కొవ్వొత్తి పట్టినవాడు.